తిరుపతి నుంచి ఏ నగరానికైనా విమాన దూరం, ప్రయాణ సమయం సరిగ్గా లెక్కించుకునే విధానం

తిరుపతి నుంచి హైదరాబాద్‌కు విమానంలో ఎంత దూరం, ఎంతసేపు అని అడిగితే ఒక వెబ్‌సైట్ 417 కిలోమీటర్లని, మరొకటి 259 మైళ్లని, ఇంకొకటి 225 అని చెబుతుంది. టికెట్ మీద గంటా ఇరవై నిమిషాలని ఉంటుంది. వెళ్లి వచ్చినవారు మాత్రం ముప్పావు గంటలో దిగిపోయామంటారు. నిజానికి వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కొక్కరు ఒక్కొక్కదాన్ని కొలిచారు, అంతే. ఏది దేనికి కొలతో తెలియకుండా ఆ అంకెను పట్టుకుని ప్రయాణం ఏర్పాటు చేసుకున్నప్పుడే చిక్కు వస్తుంది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాఠకులు పదేపదే అడుగుతున్న ఈ విషయాన్ని ఇక్కడ వరుసక్రమంలో వివరిస్తున్నాను. నోట్‌బుక్, ఫోన్, కూడికలు భాగహారాలు చేసే మామూలు క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

1. ముందుగా అయిదు లెక్కలను విడదీసుకోండి

పని మొదలుపెట్టే ముందు నోట్‌బుక్‌లో ఈ అయిదు పేర్లను ఒకదాని కింద ఒకటి రాసుకుని, పక్కన ఖాళీ వదలండి.

☐ సరళ దూరం: రెండు విమానాశ్రయాల మధ్య భూమి ఉపరితలం మీద అతి దగ్గరి దారి పొడవు.
☐ ఎగిరే దూరం: విమానం నిజంగా తిరిగి, మలుపులు తీసుకుని, వాయుమార్గాల వెంట వెళ్లే పొడవు.
☐ గాలిలో ఉండే సమయం: చక్రాలు రన్‌వేను వదిలిన క్షణం నుంచి తిరిగి నేలను తాకే వరకు.
☐ టికెట్ సమయం: విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, గమ్యంలో తన చోటికి చేరి ఆగే వరకు.
☐ మొత్తం ప్రయాణ సమయం: మీ ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచి వెళ్లవలసిన చోటికి చేరే వరకు.

దూరాలు చూపించే వెబ్‌సైట్లు సాధారణంగా మొదటిది ఇస్తాయి. విమానయాన సంస్థలు నాలుగోది ఇస్తాయి. మనకు నిజంగా కావలసింది అయిదోది. మొదటి నాలుగూ దానికి చేరే మెట్లు కాబట్టి ఈ వరుస తప్పకండి.

2. ఏ ఊరు అన్నది కాదు, ఏ విమానాశ్రయం అన్నది ఖరారు చేసుకోండి

తిరుపతి విమానాశ్రయం రేణిగుంటలో ఉంది. రైల్వే స్టేషన్‌కూ దానికీ మధ్య గీత గీసి కొలిస్తేనే 13 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. హైదరాబాద్ విమానాశ్రయం శంషాబాద్‌లో, బెంగళూరుది దేవనహళ్లి దగ్గర ఉన్నాయి. ఊరి పేరు కొట్టి దూరం చూస్తే కొన్ని వెబ్‌సైట్లు ఊరి నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు కొలుస్తాయి. విమానం నడిబొడ్డున దిగదు.

అందుకే ప్రతి విమానాశ్రయానికీ ఉన్న మూడక్షరాల కోడ్‌ను వాడాలి. మన ప్రాంతం వారికి తరచూ అవసరమయ్యేవి ఇవి: తిరుపతి టీఐఆర్, హైదరాబాద్ హెచ్‌వైడీ, విజయవాడ వీజీఏ, విశాఖపట్నం వీటీజెడ్, చెన్నై ఎంఏఏ, బెంగళూరు బీఎల్ఆర్, ముంబై బీఓఎం, ఢిల్లీ డీఈఎల్.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ‘తిరు’ అని మూడు నాలుగు అక్షరాలు టైప్ చేసి, కింద వచ్చిన జాబితాలో మొదటి పేరును నొక్కేయడం. ఆ జాబితాలో తిరువనంతపురం, తిరుచిరాపల్లి కూడా ఉంటాయి. తిరువనంతపురం కోడ్ టీఆర్‌వీ, తిరుచిరాపల్లిది టీఆర్‌జెడ్. దూరం లెక్కలో ఈ పొరపాటు జరిగితే దిద్దుకోవచ్చు గానీ టికెట్‌లో జరిగితే డబ్బు పోతుంది. ఊరి పేరు చదివిన తర్వాత కోడ్‌లోని మూడక్షరాలనూ వేలు పెట్టి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

ఒకే నగరానికి ఒకటి కంటే ఎక్కువ విమానాశ్రయాలున్న చోట్ల మరింత జాగ్రత్త కావాలి. గోవాలో దబోలిం, మోపా అని రెండున్నాయి. ఒకటి దక్షిణ గోవాలో, మరొకటి ఉత్తర కొసన ఉన్నాయి. దిగిన తర్వాత రోడ్డు ప్రయాణం పూర్తిగా మారిపోతుంది. లండన్ వంటి నగరాలకు వెళ్లేవారికీ ఇదే వర్తిస్తుంది.

3. సరళ దూరాన్ని కొలవండి

ఫోన్‌లో కొలిచే పద్ధతి

గూగుల్ మ్యాప్స్ తెరిచి తిరుపతి విమానాశ్రయాన్ని వెతకండి. పటాన్ని పెద్దది చేసుకుంటే తూర్పు పడమరలుగా పొడవుగా పరచిన రన్‌వే కనిపిస్తుంది. దాని మధ్యలో వేలిని కాసేపు నొక్కి ఉంచితే ఎర్రటి గుర్తు పడుతుంది. కింద వచ్చిన వివరాలను పైకి జరిపితే ‘మెజర్ డిస్టెన్స్’ అనే మాట ఉంటుంది. దాన్ని నొక్కి, పటాన్ని జరుపుతూ గమ్యం రన్‌వే మధ్యకు చేరిస్తే తెర అడుగున కిలోమీటర్లు కనిపిస్తాయి. ‘డైరెక్షన్స్’ నొక్కితే వచ్చేది రోడ్డు దూరం. ఆ రెండింటినీ కలపకండి.

గ్రేట్ సర్కిల్ మ్యాపర్ వంటి వెబ్‌సైట్లలో రెండు కోడ్‌లు ఇస్తే నేరుగా దూరం వస్తుంది. దేశం దాటి వెళ్లే ప్రయాణాలకు ఇదే మేలు.

కాగితం మీద లెక్కించే పద్ధతి

దీన్ని ఒక్కసారైనా చేసి చూడమని నా సలహా. చేసినవారికి వెబ్‌సైట్ చెప్పిన అంకెలో తప్పుంటే ఇట్టే తెలిసిపోతుంది. సుమారు పదిహేను వందల కిలోమీటర్ల లోపు దూరాలకు ఈ పద్ధతి చాలా బాగా సరిపోతుంది.

మొదటి పని, రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలను దశాంశాల్లో రాసుకోవడం. తిరుపతి 13.63 ఉత్తరం, 79.54 తూర్పు. శంషాబాద్ 17.24 ఉత్తరం, 78.43 తూర్పు.

రెండో పని, అక్షాంశాల తేడాను 110.6తో గుణించడం. ఒక డిగ్రీ అక్షాంశానికి మన ప్రాంతంలో దాదాపు అన్ని కిలోమీటర్లు. 17.24 నుంచి 13.63 తీసేస్తే 3.61. దాన్ని 110.6తో గుణిస్తే 399 కిలోమీటర్లు.

మూడో పని, రేఖాంశాల తేడాను కిలోమీటర్లలోకి మార్చడం. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి ఇక్కడ ఒకే అంకె పనికిరాదు. రెండు ఊళ్ల అక్షాంశాల సగటు చూసుకుని, దానికి తగిన అంకెతో గుణించాలి.

సగటు 13 డిగ్రీలైతే 108.5
సగటు 15 డిగ్రీలైతే 107.5
సగటు 17 డిగ్రీలైతే 106.5
సగటు 19 డిగ్రీలైతే 105.3
సగటు 21 డిగ్రీలైతే 103.9

తిరుపతి, శంషాబాద్‌ల సగటు 15.4 కాబట్టి 107.3 తీసుకుందాం. రేఖాంశాల తేడా 1.11. గుణిస్తే 119 కిలోమీటర్లు.

నాలుగో పని, బడిలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రం. 399ని 399తో గుణిస్తే 1,59,201. 119ని 119తో గుణిస్తే 14,161. రెండూ కూడితే 1,73,362. దాని వర్గమూలం 416 పైచిలుకు. అంటే రేణిగుంట నుంచి శంషాబాద్‌కు సరళ దూరం సుమారు 417 కిలోమీటర్లు.

వెబ్‌సైట్ల మధ్య ఒకటి రెండు కిలోమీటర్ల తేడా కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. కొన్ని భూమిని గుండ్రటి బంతిగా తీసుకుంటాయి, కొన్ని ధ్రువాల దగ్గర కాస్త అణగిన అసలు ఆకారాన్ని తీసుకుంటాయి. పది కిలోమీటర్లకు మించి తేడా వస్తే మాత్రం కోడ్ తప్పో, అక్షాంశం తప్పో ఉన్నట్టే.

అక్షాంశాలు రాసుకునేటప్పుడు జరిగే తప్పు ఒకటి ఉంది. చాలా చోట్ల వాటిని డిగ్రీలు, నిమిషాలు, సెకండ్లుగా ఇస్తారు. తిరుపతిది 13 డిగ్రీల 37 నిమిషాల 57 సెకండ్లు. దీన్ని 13.37 అని రాసేసుకుంటే లెక్కలో దాదాపు 28 కిలోమీటర్లు తారుమారవుతాయి. నిమిషాలను 60తో, సెకండ్లను 3,600తో భాగించి కలపాలి. అలా చేస్తేనే 13.63 వస్తుంది.

4. మైళ్లు, నాటికల్ మైళ్లు, కిలోమీటర్లు కలగలపకండి

మొదట్లో చెప్పిన 417, 259, 225 మూడూ ఒకే దూరానికి మూడు కొలమానాలు. సాధారణ మైలు 1.609 కిలోమీటర్లు. విమానాలు, ఓడలు వాడే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. వెబ్‌సైట్‌లో అంకె పక్కన ఏ కొలమానం ఉందో చూసి, వెంటనే కిలోమీటర్లలోకి మార్చి రాసుకోండి. వేగానికీ ఇదే నియమం. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు.

5. సరళ దూరాన్ని ఎగిరే దూరంగా మార్చండి

విమానం గీత గీసినట్టు వెళ్లదు. రేణిగుంట రన్‌వే పేరు 08/26. అంటే అది ఉత్తరం నుంచి లెక్కిస్తే సుమారు 80 డిగ్రీల దిశలో, అంటే దాదాపు తూర్పు పడమరలుగా ఉంది. హైదరాబాద్ మనకు ఉత్తరాన, కాస్త పడమరగా ఉంటుంది. గాలి తీరును బట్టి విమానం తూర్పుకు లేచిన రోజున అది ముందుగా ఎదురు దిక్కుకు వెళ్లి, ఎత్తు అందుకుంటూ తిరగాలి. దిగే చోట కూడా రన్‌వే వరుసలోకి రావడానికి మలుపులు తీసుకుంటుంది. మధ్యలో నిర్దేశించిన వాయుమార్గాలనే పట్టుకుని వెళ్లాలి.

మన ప్రాంతానికి మరో ప్రత్యేకత ఉంది. శ్రీహరికోటలోని సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం తిరుపతి జిల్లాలోనే ఉంది. రాకెట్ ప్రయోగాల వేళ ఆ చుట్టుపక్కల, సముద్రం మీద గగనతలంలో ఆంక్షలు పెడతారు. ఆ సమయంలో అటువైపు వెళ్లే విమానాలు పక్కగా తిరిగి వెళ్లవలసి రావచ్చు.

ఇవన్నీ కలిపి ఇలా లెక్క వేసుకోండి. సరళ దూరం 300 కిలోమీటర్ల లోపైతే పది శాతం, 300 నుంచి 600 వరకు ఎనిమిది శాతం, అంతకు మించితే అయిదారు శాతం కలపాలి. దూరం పెరిగేకొద్దీ శాతం తగ్గడానికి కారణం, మలుపుల వల్ల అదనమయ్యే కిలోమీటర్లు చిన్న ప్రయాణానికైనా పెద్ద ప్రయాణానికైనా ఇంచుమించు అన్నే ఉండటం. 417కి ఎనిమిది శాతం కలిపితే 450.

6. ఏ విమానమో చూసి సమయం లెక్కించండి

ఇక్కడే ఎక్కువ మంది తప్పటడుగు వేస్తారు. విమానమంటే గంటకు 800 కిలోమీటర్ల పైన వెళుతుందని విని, 417ని 800తో భాగించి ‘అర గంట’ అని తేల్చేస్తారు. రెండు విషయాలు మరిచిపోతారు.

మొదటిది, అన్ని విమానాలూ ఒకే వేగంతో వెళ్లవు. దక్షిణాదిన చిన్న దూరాలకు ఏటీఆర్ 72 రకం విమానాలు విరివిగా నడుస్తాయి. రెక్కల కింద పెద్ద పంకాలు తిరుగుతూ కనిపించేవి, ప్రయాణికులు వెనుక తలుపు నుంచి ఎక్కేవి ఇవే. వీటి గరిష్ఠ పయన వేగం గంటకు 510 కిలోమీటర్ల చిల్లర. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 వంటి జెట్ విమానాలు గంటకు 800 నుంచి 840 కిలోమీటర్ల వరకు వెళతాయి. టికెట్ కొనేటప్పుడు ‘ఫ్లైట్ డీటెయిల్స్’ అనే చోట నొక్కితే విమానం రకం రాసి ఉంటుంది. ఒకే రోజు ఒకే గమ్యానికి వెళ్లే రెండు విమానాల మధ్య పదిహేను, ఇరవై నిమిషాల తేడా కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

రెండోది, ఆ వేగం మధ్యలో మాత్రమే ఉంటుంది. నేల మీద నెమ్మదిగా రన్‌వే దాకా వెళ్లడం, ఎత్తుకు ఎక్కడం, దిగడం, మళ్లీ ఆగే చోటికి చేరడం, వీటన్నిటికీ సమయం పడుతుంది. కాబట్టి సూత్రాన్ని ఇలా పెట్టుకోండి.

జెట్ విమానానికి: ఎగిరే దూరం ÷ 800 (గంటల్లో), దానికి 30 నిమిషాలు కలపాలి.
ఏటీఆర్‌కు: ఎగిరే దూరం ÷ 480 (గంటల్లో), దానికి 25 నిమిషాలు కలపాలి.
ఢిల్లీ, ముంబై వంటి రద్దీ విమానాశ్రయాలైతే మరో 10 నిమిషాలు కలపాలి.

హైదరాబాద్‌కు జెట్‌లో: 450ని 800తో భాగించి 60తో గుణిస్తే 34 నిమిషాలు, ముప్పై కలిపితే గంటా నాలుగు నిమిషాలు. ఏటీఆర్‌లో: 56 నిమిషాలకు 25 కలిపితే గంటా ఇరవై ఒక్క నిమిషాలు. ముప్పావు గంటలో దిగిపోయామన్నవారు గాలిలో ఉన్న సమయాన్నే చెప్పారని ఇప్పుడు అర్థమవుతుంది.

సరిచూసుకోవడానికి వీలుగా తిరుపతి నుంచి కొన్ని నగరాలకు పై పద్ధతిలో వచ్చే లెక్కలు ఇక్కడ ఇస్తున్నాను. ఇవి సరళ దూరాలు, అంచనా సమయాలు. ఆయా మార్గాల్లో నేరుగా విమానం ఉందో లేదో, ఏ రోజుల్లో ఉందో ఋతువును బట్టి మారే షెడ్యూల్‌లో విడిగా చూసుకోవాలి.

బెంగళూరు: 205 కి.మీ., ఏటీఆర్‌లో సుమారు 55 నిమిషాలు.
విజయవాడ: 348 కి.మీ., ఏటీఆర్‌లో సుమారు గంటా పది నిమిషాలు.
విశాఖపట్నం (ఊళ్లోని పాత విమానాశ్రయం): 600 కి.మీ., జెట్‌లో సుమారు గంటా ఇరవై, ఏటీఆర్‌లో గంటా ముప్పావు.
ముంబై (శాంతాక్రూజ్): 934 కి.మీ., జెట్‌లో సుమారు గంటా యాభై అయిదు నిమిషాలు.
ఢిల్లీ (పాలం): 1,670 కి.మీ., జెట్‌లో సుమారు రెండు గంటల యాభై నిమిషాలు.

7. లెక్కను నిజంతో సరిపోల్చండి

టికెట్ మీది సమయం కూడా సంస్థ వేసుకున్న అంచనాయే. రద్దీలో ఆలస్యమైనా వేళకు చేరినట్టు ఉండేందుకు అందులో కొన్ని నిమిషాలు ముందే కలుపుకుంటారు. అందుకే అర గంట ఆలస్యంగా బయలుదేరిన విమానం పది నిమిషాల ఆలస్యంతో చేరుకోవడం మనకు అనుభవమే.

విమానాల కదలికలను చూపే ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ వంటి వెబ్‌సైట్లలో విమాన సంఖ్య ఇచ్చి వెతికితే, గత కొన్ని రోజుల్లో అది నిజంగా ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది కనిపిస్తుంది. ఆ అంకెలను రాసుకుని వాటిలో అతి తక్కువది, అతి ఎక్కువది వదిలేసి మధ్యలో ఉన్నదాన్ని తీసుకోండి. తక్కువ సమయం పట్టిన రోజును చూసి మురిసిపోయి, దాని మీద మిగతా ప్రయాణం కట్టుకోవడం ప్రమాదకరం.

☐ విమాన సంఖ్య టికెట్‌లో ఉన్నదేనా?
☐ విమానం రకం మారిందా?
☐ బయలుదేరడంలో ఆలస్యం ఎక్కువా, చేరడంలోనా?
☐ మీరు వెళ్లే వారం రోజున ఆ విమానం నడుస్తుందా?

8. విదేశీ ప్రయాణమైతే గడియారాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి

టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. రెండింటినీ నేరుగా తీసివేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. దేశం లోపల ఒకే సమయం కాబట్టి ఈ బాధ లేదు.

మన జిల్లాల నుంచి, పక్కనున్న కడప నుంచి ఎందరో కువైట్‌లో పని చేస్తున్నారు కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. చెన్నై నుంచి సరళ దూరం సుమారు 3,800 కిలోమీటర్లు, ప్రయాణం దాదాపు అయిదు గంటలు. ఉదయం 6 గంటలకు చెన్నైలో బయలుదేరితే మన గడియారంలో 11, అక్కడి గడియారంలో 8.30. టికెట్‌లో 6, 8.30 అని చూసి రెండున్నర గంటల ప్రయాణమే అనుకుని, నడుం నొప్పి ఉన్న పెద్దవారిని ఏ ఏర్పాటూ లేకుండా పంపినవారున్నారు. తిరుగు ప్రయాణంలో అదే అయిదు గంటలు టికెట్ మీద ఏడున్నర గంటల్లా కనిపిస్తుంది.

తూర్పుకు వెళితే దీనికి విరుద్ధం. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. చెన్నైలో రాత్రి 11.30కి బయలుదేరి నాలుగుంపావు గంటలు ప్రయాణిస్తే మన సమయం 3.45, అక్కడ 6.15, అదీ మరుసటి రోజు. టికెట్‌లో చేరే సమయం పక్కన చిన్నగా ‘+1’ అని ఉంటుంది. హోటల్ బుక్ చేసేటప్పుడు, తీసుకువెళ్లడానికి వచ్చేవారికి తేదీ చెప్పేటప్పుడు ఆ గుర్తును తప్పక చూడాలి. అర్ధరాత్రి దాటాక 12.30కి బయలుదేరే విమానం విషయంలోనూ ఇదే జాగ్రత్త. పదో తేదీ 00.30 అంటే తొమ్మిదో తేదీ రాత్రి భోజనం చేసి ఇంటి నుంచి బయలుదేరాలి.

అమెరికా, బ్రిటన్‌లలో ఏడాదికి రెండుసార్లు గడియారం గంట మారుస్తారు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కు జరుపుతారు. డల్లాస్‌కూ మనకూ తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర. గల్ఫ్ దేశాల్లో, సింగపూర్‌లో ఈ మార్పు లేదు.

దూర ప్రయాణాల్లో వెళ్లేటప్పటి సమయం, వచ్చేటప్పటి సమయం ఒకటిగా ఉండవు. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులు ఒక వైపు విమానాన్ని తోస్తాయి, మరో వైపు అడ్డుకుంటాయి. కాబట్టి రెండు వైపులా విడివిడిగా రాసుకోండి. హైదరాబాద్, విజయవాడ వంటి దూరాల్లో ఈ తేడా కొద్ది నిమిషాలే.

9. మధ్యలో విమానం మారవలసి వస్తే

తిరుపతి నుంచి నేరుగా లేని నగరాలకు హైదరాబాద్, బెంగళూరు వంటి చోట్ల మారాలి. అప్పుడు రెండు దూరాలూ విడివిడిగా లెక్కించి, మధ్య నిరీక్షణను కలపాలి. తిరుపతి నుంచి గమ్యానికి సరళ దూరం చూసి సమయం అంచనా వేయడం ఇక్కడ పనికిరాదు. ఉదాహరణకు ముంబైకి నేరుగా 934 కిలోమీటర్లే గానీ, ఢిల్లీ మీదుగా చవక టికెట్ దొరికిందని వెళితే రెండున్నర వేల కిలోమీటర్లు దాటుతుంది.

రెండు ప్రయాణాలూ ఒకే టికెట్‌లో, ఒకే పీఎన్ఆర్ కింద ఉన్నాయా లేదా అన్నది చాలా ముఖ్యం. ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా వేరే విమానంలో పంపే బాధ్యత సంస్థది. విడివిడిగా కొన్నవైతే ఆ నష్టం మీదే. పైగా సామాను తీసుకుని బయటికొచ్చి, మళ్లీ చెక్-ఇన్ చేయించాలి. విడి టికెట్లైతే దేశం లోపల కనీసం మూడు గంటలు, విదేశీ విమానం పట్టుకోవాలంటే అయిదారు గంటలు వ్యవధి ఉంచమంటాను. ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు గానీ, రోజుకు ఒకటో రెండో విమానాలున్న గమ్యాలకు ఒకటి తప్పితే ఒక రోజు మొత్తం పోతుంది.

10. ఇంటి నుంచి ఇంటికి లెక్క వేయండి

ఇప్పుడు అసలు అంకె. తిరుపతి పట్టణం నుంచి బెంగళూరు నగరంలోకి వెళ్లే ఒకరి ప్రయాణాన్ని విడగొట్టి చూద్దాం.

ఇంటి నుంచి రేణిగుంటకు: 40 నిమిషాలు
విమానాశ్రయంలో ముందుగా ఉండవలసింది: గంటన్నర
టికెట్ సమయం: గంట
దిగి సామాను తీసుకుని బయటపడటం: 30 నిమిషాలు
దేవనహళ్లి నుంచి నగరంలోకి: గంట నుంచి గంటన్నర

మొత్తం అయిదు గంటలకు అటూ ఇటూ. రోడ్డు మీద సుమారు 250 కిలోమీటర్లకు పట్టేది కూడా అంతే. కాబట్టి బెంగళూరులోనే పని ఉన్నవారికి విమానం వల్ల సమయం కలిసిరాదు. అక్కడి నుంచి మరో విమానం ఎక్కేవారికి మాత్రం కలిసివస్తుంది. చెన్నై విమానాశ్రయం సరళ దూరంలో వంద కిలోమీటర్లలోపే కాబట్టి అక్కడికి రోడ్డు మార్గమే సరైనది. అదే హైదరాబాద్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. రోడ్డు మీద 550 కిలోమీటర్ల పైచిలుకు, పది గంటల ప్రయాణం. విమానంలో ఇంటి నుంచి ఇంటికి అయిదు గంటల్లో తేలుతుంది.

చిత్తూరు వారు ఒకటికి మూడు విమానాశ్రయాలను పోల్చుకోవాలి. పూతలపట్టు, చంద్రగిరి మీదుగా రేణిగుంట సుమారు 80 కిలోమీటర్లు. చెన్నై, దేవనహళ్లి దాదాపు రెట్టింపు దూరం. దేశం లోపలి ప్రయాణానికి రేణిగుంటలో విమానం ఉంటే అదే మేలు. కుప్పం వైపు వారికి బెంగళూరు దగ్గర. టికెట్ ధర ఒక్కటే చూసి ఎంచుకోకుండా, రోడ్డు గంటలను, కారు ఖర్చును కూడా కలిపి మూడు వరుసలుగా రాసి చూడండి.

తిరుమల నుంచి నేరుగా విమానానికి వెళ్లేవారికి ఒక గట్టి మాట. దర్శనం టికెట్ మీదున్న సమయం క్యూలో ప్రవేశించే సమయం, బయటికొచ్చే సమయం కాదు. ఆ తర్వాత లడ్డూ కౌంటర్ ఉంటుంది, గది ఖాళీ చేయాలి, కొండ దిగాలి. ఘాట్ రోడ్డులో వాహనాలకు కనీస ప్రయాణ సమయ నిబంధన ఉంది కాబట్టి డ్రైవర్‌ను తొందరపెట్టి లాభం లేదు. రాత్రివేళ కొన్ని గంటలు ఘాట్ రోడ్లు మూసి ఉంచుతారు కూడా. తెల్లవారుజామున విమానముంటే ముందు రోజు రాత్రికే కొండ దిగి తిరుపతిలో బస చేయాలి. దర్శనం రోజున సాయంత్రం విమానం కాకుండా మరుసటి రోజుది తీసుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో ఇది తప్పనిసరి అని భావించండి.

11. ఋతువును బట్టి సవరించండి

మన ప్రాంతానికి అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే రేణిగుంట, చెన్నై రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వేళ చెన్నై విమానాశ్రయాన్ని మూసివేశారు. ఈ నెలల్లో చెన్నై నుంచి విదేశీ విమానం ఉన్నవారు ముందు రోజే చేరుకోవడం మంచిది.

ఢిల్లీ వైపు వెళ్లేవారికి డిసెంబర్, జనవరి నెలల్లో పొగమంచు సమస్య. తెల్లవారుజామున దిగే విమానాల కంటే మధ్యాహ్నం దిగేవి నమ్మదగినవి. ఢిల్లీలో ఆలస్యమైన విమానమే తిరిగి మన దగ్గరికి వస్తుంది కాబట్టి, ఇక్కడ ఎండ కాస్తున్నా ఆలస్యం తప్పదు.

12. లెక్క తప్పినప్పుడు ఎక్కడ వెతకాలి

టికెట్ సమయానికీ మీ అంచనాకూ పావు గంట లోపు తేడా ఉంటే లెక్క సరైనదే. అంతకు మించితే ఈ వరుసలో చూడండి.

అంచనా అర గంట తక్కువ వచ్చింది: నేల మీది, ఎక్కే దిగే నిమిషాలు కలపలేదు.
చిన్న దూరంలో ఇరవై నిమిషాల తేడా: జెట్ అనుకున్నది ఏటీఆర్ అయి ఉంటుంది.
దూరం ఒకటింపావు రెట్లకు అటూ ఇటూగా ఉంది: రోడ్డు దూరం తీసుకున్నారు.
దూరం దాదాపు సగం వచ్చింది: నాటికల్ మైళ్లను కిలోమీటర్లనుకున్నారు.
రెండున్నర గంటలు ఎక్కువో తక్కువో: కువైట్ లేదా సింగపూర్ గడియారం సర్దలేదు.
గంటల తరబడి ఎక్కువ: మధ్యలో ఆగే విమానం. ‘నాన్-స్టాప్’ అని ఉందో లేదో చూడండి. ‘డైరెక్ట్’ అని ఉన్నదీ ఒక చోట దిగి మళ్లీ లేవవచ్చు.

13. ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం

షెడ్యూళ్లు మారుతుంటాయి. టికెట్ కొన్న రోజు వేసిన లెక్కను ముందు రోజు మళ్లీ ఒకసారి తిరగేయాలి.

☐ సంస్థ నుంచి సమయం మార్పు సందేశం వచ్చిందేమో ఫోన్‌లోనూ ఈమెయిల్‌లోనూ చూడండి. టికెట్ ఏజెంట్ ద్వారా కొనుంటే సందేశం ఆయన నంబరుకు వెళ్లి ఉండవచ్చు, ఫోన్ చేసి అడగండి.
☐ వెబ్ చెక్-ఇన్ పూర్తి చేసి, బోర్డింగ్ పాస్‌ను ఫోన్‌లో భద్రపరచండి.
☐ చెక్-ఇన్ కౌంటర్ మూసే సమయం, గేటు మూసే సమయం టికెట్ మీద చూసి పెద్ద అక్షరాల్లో రాసుకోండి. కౌంటర్ చాలాసార్లు విమానానికి గంట ముందే మూస్తారు.
☐ కారు డ్రైవర్‌కు విమానం సమయం కాకుండా, మీరు రేణిగుంటలో ఉండవలసిన సమయం చెప్పండి.
☐ గమ్యంలో ఎదురుచూసేవారికి విమాన సంఖ్య పంపండి. దాన్ని బట్టి విమానం ఎక్కడుందో వారే చూసుకుంటారు.